దండారీ ఊర్ల నుంచి అక్కకు

గుడిరేవు,
దీపావళికి ఐదు రోజుల ముందు

అక్కా,

ధర్మపురి దాటి రాయపట్నం వంతెన మీదికి రాంగనే, నువ్వు చెప్పినట్టు గోదావరిల రూపాయి బిళ్ళ ఏసిన. కిటికీ ఊసకు తాకి మళ్ళ నా ఒళ్ళనే పడ్డది. రెండోసారి ఏద్దామనేసరికి నది దాటిపోయింది.

లక్సెట్టిపేటల దిగి, దండేపల్లి మీదుగ ఇక్కడికొచ్చిన. ఒడ్డు మీద పద్మల్‌పురి కాకో గుడి. కాకో అంటే గోండిల అమ్మమ్మ. ఏ ఊరి దండారీ (దీపావళికి ఊరూరు తిరిగే గోండుల ఆట జట్టు) ఆ ఊరి డప్పులు, గుమేలలు, పెప్రెలు పట్టుకొని అమ్మమ్మను చూడ వస్తున్నది. ఆట చూద్దామని నేనొస్తే, వీళ్ళు మొక్కు తీర్చుకోవడానికొచ్చిన్రు.

మార్లవాయి,
దీపావళికి రెండు రోజుల ముందు

అక్కా,

మన చిన్నోడు స్పెయిన్ల గ్రనడా గుహలల్ల జిప్సీల ఫ్లమెంకో ఆటపాట చూసొచ్చి ఫోన్ల ఎంత చెప్పిండో యాదికున్నదా? ఆ జిప్సీల ముత్తాతలు వెయ్యేండ్ల కింద మన దేశం నుంచే పోయిన్రని, 2010ల యునెస్కో ఆ కళను గుర్తించిందని. వాడు టికెట్ కొనుక్కొని కుర్చీల కూసున్నడు. నేను కూడ అట్లనే కుర్చీ ఎక్కడ దొరుకుతదా అని ఎతుక్కుంటనే వచ్చిన.

నిన్న రాత్రి పక్కూరి దండారీ ఇక్కడికి వచ్చింది. పొలిమేర కాడికి వాయిద్యాలతోని ఎదురుపోయి తోలుకొచ్చిన్రు. ముందుగల గుస్సాడీలు. నెత్తి మీద ఇంత పెద్ద నెమలి పింఛాల టోపీ, దానికి కొమ్ములు, ఒంటినిండ బూడిద, భుజాన మేకతోలు, నడుముకు గజ్జెలు, చేతిల కర్ర. ఆ టోపీ పెట్టినంక వాళ్ళు మనుషులు కారు, ఏత్మాసుర్ దేవుడు పూనినోళ్ళు. దండారీ అయ్యి, ముగింపు పూజ కోలబొడి జరిగేదాక తానం చెయ్యరు.

దేవుడంటే గంభీరంగ ఉంటడనుకున్న. ఒకాయన నా ముందటికొచ్చి, నేను ఫోన్ పట్టుకున్నట్టే కర్ర పట్టుకొని, ఒక కన్ను మూసి నన్ను ఫొటో తీసిండు. ఊరంత నవ్వింది. సిగ్గయ్యి ఫోన్ జేబుల పెట్టుకున్న. పెద్దమనిషి ఒకాయన "రామ్ రామ్" అని జరిగి, చాప మీద జాగ ఇచ్చిండు. ఆడ పిల్లలు, ముసలోళ్ళు, సుట్టాలు. వచ్చిన ఊరోళ్ళకు ఇల్లిల్లు అన్నం పెడ్తది. ఆటల మధ్యనే పిల్లల సంబంధాలు కూడ కుదురుతయట. గుమేల మోత నేల నుంచి కాళ్ళల్లకు ఎక్కుతది అక్కా, చెవుల కంటె ముందు.

దీపావళి తెల్లారి, మార్లవాయి

ఇక్కడి గుస్సాడీ కనకరాజు పేరు నువ్వు టీవీల విన్నవు. 2021ల పద్మశ్రీ వచ్చింది. ఎందరో పిల్లగాండ్లకు ఆట నేర్పి, 2024 అక్టోబర్ల, దీపావళి వారం రోజులుందనంగ పోయిండు. ఆయన ఊర్ల ఈ నెల గజ్జెలు కట్టినోళ్ళను చూస్తుంటే, ఎవరెవరు ఆయన కాడ నేర్చుకున్నరో అడగబుద్ధైంది. అడగలే. ఆట నడుమ అడిగే ముచ్చట కాదది.

హైమన్‌డార్ఫ్ దొర, ఎలిజబెత్ దొరసాని సమాధులు కూడ ఈ ఊర్లనే. నిజాం మీద తిరగబడ్డ కుమ్రం భీం 1940ల జోడేఘాట్ల చనిపోయినంక, గోండుల కష్టం ఏందో తెలుసుకొనేందుకు నిజాం సర్కారు పంపితే వచ్చినాయన. లండన్ల చచ్చిపోయినా బూడిదను భార్య పక్కకే తెచ్చిన్రు. సమాధి మీద ఎవరో బంతిపూలు పెట్టిపోయిన్రు.

రేపు సాయంత్రానికి ఇంట్ల ఉంట. చిన్నోడు ఫోన్ చేస్తె ఒకటడుగు: టికెట్ కొన్నోళ్ళంత ఎళ్ళిపోయినంక, ఆ గుహల పాట ఆగుతదా, సాగుతదా?

నీ తమ్ముడు