ఒకే గంజు, ఒకే బంతి

ఆర్మూరు నుండి మెట్‌పల్లి పోయే దారిలో కమ్మర్‌పల్లి ఉన్నది. చుట్టూ పసుపు చేలు. పసుపు పరిశోధనా కేంద్రం కూడా ఇక్కడే.

ఈ ప్రాంతంలో విందంటే బగారా అన్నం. నూనెలో చెక్క, లవంగం, ఉల్లి, పుదీనా వేగాక ఎసరు పోస్తారు. మరిగాక బియ్యం వేస్తారు. సముద్రాల అవతల డొమినికన్ రిపబ్లిక్‌లో సాసేజి ముక్కలు, రొయ్యలు వేయించి, అదే గిన్నెలో బియ్యం ఉడికిస్తారు. దాని పేరు లోక్రియో. రెంటిలోనూ వార్చడం లేదు. రసమంతా ప్రతి మెతుకుకూ అందుతుంది.

కొరింథు సంఘములో కలిగినవారు ముందే తిన్నారు, లేనివారు ఆకలితో ఉన్నారు. పౌలు వారిని గద్దించెను (1 కొరింథీ. 11).

క్రిస్మస్ నాడు మన గంజు ఒక్కటే. బంతి కూడా ఒక్కటేనా? ఏటా చివర కూర్చునే ఇంటివారిని ఈసారి ముందుగా పిలుద్దాము. వారి పక్కనే మనమూ కూర్చుందాము.