రేపల్లె రైలులో తూటా కబుర్లు

తెనాలి నుంచి రేపల్లె పోయే రైలుదారిలో ఎక్కడా కొండ కనిపించదు. వేమూరు దాటినా అవే వరిచేలు, అవే కాలువలు, గట్ల మీద తాటిచెట్లు. నేల అరచేయిలా చదునుగా ఉంటుంది. ఈ చదునుకూ తుపాకి గుండుకూ సంబంధం ఉందంటే పాఠకులు నమ్ముతారా?

ఆ సంగతి చెప్పినవారు మా నాన్నగారి స్నేహితులు. ఎనభై దాటిన మనిషి. 1972కు ముందు, అనుమతి పుచ్చుకుని నల్లమల అడవుల్లో వేటాడినవారు. రేపల్లె వెళ్లి, అక్కడినుంచి బస్సులో బాపట్ల చేరాలని ఇద్దరం బయలుదేరాం. ప్రబంధాల్లో వేట వర్ణనలు పాఠం చెప్పేవాణ్ణి కదా, నాకు బాణాలు తెలుసు గాని తూటాలు తెలియవు.

"బాబాయిగారూ, జింకకు ఏ గుండు మంచిది?" అన్నాను.

"ఆ మాట జింకను అడగాలి నాయనా!" అన్నారు. ఆ తర్వాత తీరిగ్గా చెప్పుకొచ్చారు.

సైన్యం వాడే .303 తూటా పౌరుల చేతికి చిక్కకూడదని తెల్లదొరల ప్రభుత్వం నిషేధించింది. దాంతో ఆస్ట్రియా సైన్యపు పాత తూటా ఒకటి .315 పేరుతో ఇక్కడ వాడుకలోకి వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక ఇషాపూర్ కర్మాగారం ఆ రైఫిళ్లను చేసింది. దాని గుండు 244 గ్రెయిన్లు, అంటే సుమారు 16 గ్రాములు. జింకకు ఆ బరువు చాలు, ఎక్కువే కూడా. అయితే బరువుకంటే ముఖ్యమైనది గుండు ముక్కు. ముక్కుదాకా గట్టి లోహపు తొడుగున్న గుండు సూదిలా దూసుకుపోతుంది. జింక పరుగెత్తి ఏ పొదలోనో గంటల తరబడి బాధపడి చస్తుంది. ముక్కున సీసం బయటికి కనిపించే మెత్తని గుండు లోపల పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. నూరు, నూటయాభై గజాల నుంచి జబ్బ వెనుక సరిగా తగిలితే ప్రాణం త్వరగా పోతుంది.

చిత్రమేమంటే, ఇలా విచ్చుకునే గుండ్లను యుద్ధంలో వాడరాదని 1899లో హేగ్ సభ ప్రకటించింది. కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధశాల పేరే వాటికి స్థిరపడిపోయింది. మనిషి పట్ల క్రూరమన్నదే జింక పట్ల దయ అయింది!

"ఎవరో కొట్టి వదిలేసిన దుప్పిని రెండురోజుల తర్వాత చూశాను. అది ఇంకా బతికే ఉంది" అని ఆయన కాసేపు ఊరుకున్నారు.

రైలు భట్టిప్రోలులో ఆగింది. 1892లో ఇక్కడి స్తూపంలో ధాతుకరండాలు బయటపడ్డాయి. బుద్ధుడు తొలి ధర్మం బోధించింది సారనాథ్‌లో, జింకల వనంలో.

"మరి మన డెల్టాలో రైఫిలు పట్టలేదేం?" అని అడిగాను.

ఆయన కిటికీలోంచి చెయ్యి చూపారు. "వెనుక గుండును ఆపే గట్టు ఏది? తప్పిన గుండు మూడు కిలోమీటర్లు దాటి పోగలదు. అక్కడ నాట్లువేసే ఆడకూతుళ్లున్నారు. నల్లమలలోనూ జింక వెనుక కొండవాలు ఉంటేనే మీట నొక్కేవాణ్ణి. పన్నెండు బోరు తుపాకి గుళ్లంటావా, నలభై గజాలు దాటితే నమ్మలేం. చంపవు, గాయం చేస్తాయి."

చప్పుడు విని బాణం వేసిన దశరథుడు నాకు గుర్తొచ్చాడు. ఆ మాటే అన్నాను. "అందుకే, జంతువు పూర్తిగా కంటపడనిదే ఏ గుండూ మంచిది కాదు" అన్నారు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఈ చర్చకు తెరపడింది. ఇప్పుడు జింకను వేటాడితే జైలే. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కూడాను.

రేపల్లెలో దారి ముగిసింది. దక్షిణాన మడ అడవులు, ఆపైన సముద్రం. సాయంత్రానికి బాపట్ల చేరాం. వారి ఇంటి ముందుగదిలో గోడకు రెండు పెద్ద మేకులున్నాయి. రైఫిలును ఏనాడో ప్రభుత్వానికి అప్పగించేశారట. ఒక మేకుకు గొడుగు, రెండోదానికి మనవడి బడిసంచి వేలాడుతున్నాయి.