వీపు మీది బడి

బాపట్ల జిల్లా వేటపాలెంలో ప్రాక్టీసు చేస్తున్న ఓ డాక్టరుగారు బడిపిల్లల కేసు షీటు మీద రెండు బరువులు రాస్తారు. ఒకటి పిల్లవాడిది, రెండోది వాడి బ్యాగుది. నడుము నొప్పి, మెడ నొప్పి, భుజం లాగుతోంది అంటూ వచ్చే పిల్లలు ఎవరైనా సరే, బ్యాగు కూడా తెచ్చుకోవాలని కాంపౌండరు ముందే చెప్పేస్తాడు. మర్చిపోయి వస్తే సాయంత్రం మళ్లీ రమ్మంటారు. "రోగిని చూడకుండా మందు రాయం కదా, మరి బ్యాగును చూడకుండా దాని మీద నేరం ఎట్లా మోపుతాం?" అన్నది ఆయన వాదన.

నేరం మోపడానికి మాత్రం అందరూ సిద్ధంగానే వస్తారు. "ఆ బస్తా మోసీ మోసీ పిల్లాడు గూనివాడైపోతున్నాడండీ" అంటూనే తల్లులు కుర్చీలో కూర్చుంటారు. నిజంగా బ్యాగు వల్లే నొప్పి వచ్చిన పిల్లలూ ఆ మాటతోనే వస్తారు, బ్యాగుతో ఏ సంబంధమూ లేని జబ్బున్న పిల్లలూ ఆ మాటతోనే వస్తారు. ఎవరు ఏ రకమో తేల్చడమే అసలు పని.

మొదటి రకానికి ఒక ఉదాహరణ, నాలుగో తరగతి చదివే ఓ పిల్లవాడు. తండ్రి గుంటమగ్గం మీద చీరలు నేస్తాడు, తల్లి కండెలు చుడుతుంది. ఇద్దరికీ నడుము నొప్పి కొత్త కాదు. కానీ తొమ్మిదేళ్ల కొడుకు కూడా సాయంత్రం ఇంటికి రాగానే చాప మీద బోర్లా పడుకుని వీపు తొక్కమని అడుగుతుంటే భయపడి తీసుకొచ్చారు. పిల్లవాడి బరువు 24 కిలోలు. బ్యాగు 6 కిలోల 200 గ్రాములు. అంటే తన బరువులో నాలుగో వంతుకు పైగా వాడు వీపున వేసుకుని, రోజూ పొద్దున ఆటో దిగి, రెండో అంతస్తులో ఉన్న క్లాసుకు మెట్లెక్కుతున్నాడు.

డాక్టరుగారు బ్యాగును బల్ల మీద బోర్లించారు. పాఠ్యపుస్తకాలు, ఒక్కో సబ్జెక్టుకు క్లాసువర్కు ఒకటి, హోంవర్కు ఒకటి, వారం వారం పరీక్షలకు ఇంకొకటి. బడివాళ్లే అమ్మిన వర్కుబుక్కులు, డ్రాయింగు, జీకే, కంప్యూటరు, డైరీ. జామెట్రీ బాక్సు, అన్నం క్యారేజీ, లీటరు నీళ్ల సీసా. అట్టడుగున కిందటేడు మూడో తరగతి లెక్కల నోటుబుక్కు, ఒక రబ్బరు బంతి, రామాపురం బీచిలో ఏరుకొచ్చిన గుప్పెడు గవ్వలు.

"ఇవాళ్టి టైంటేబుల్లో ఉన్నవి ఏవిరా అబ్బాయ్?" అని అడిగితే వాడు చకచకా వేరు చేశాడు. సగం కూడా లేవు.

"మరి మిగతావి ఎందుకు మోస్తున్నావు?"

"ఏ మిస్సు ఏది అడుగుతారో తెలీదు సార్. తేకపోతే నిలబెడతారు."

ఆ రోజు అక్కరలేని పుస్తకాలు 2 కిలోల 400 గ్రాములు తూగాయి. కిందటేడు పుస్తకం, బంతి, గవ్వలు కలిపి అరకిలో. ఇవి తీసేస్తే మిగిలింది 3 కిలోల 300. లీటరు నీళ్లంటే సరిగ్గా కిలో. బళ్లో మంచినీళ్లు పట్టుకునే వీలుంటే ఆ కిలో కూడా పోయి 2 కిలోల 300 దగ్గర ఆగుతుంది. ఆ పిల్లవాడు మోయదగ్గ బరువు, అంటే తన బరువులో పదో వంతు, 2 కిలోల 400. మందుల చీటీ మీద డాక్టరుగారు రాసింది ఈ కూడికలు, తీసివేతలే. తండ్రి ఆ చీటీ పట్టుకుని బడికి వెళ్లాడు. నీళ్ల ఫిల్టరు రావడానికి కొంత కాలం పట్టింది గానీ, టైంటేబుల్ ప్రకారమే పుస్తకాలు తేవాలన్న మాట మాత్రం ఆ వారంలోనే అమలైంది. నొప్పి తగ్గడానికి వేరే మందు అవసరం పడలేదు.

శరీర బరువులో పదో వంతుకు మించి మోయకూడదన్న ఈ లెక్క డాక్టరుగారి సొంతం కాదు. కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ కూడా ఇదే అంటుంది. దాని ప్రకారం ఒకటి, రెండు తరగతుల పిల్లల బ్యాగు 1.6 నుంచి 2.2 కిలోల మధ్య ఉండాలి. మూడు నుంచి అయిదు తరగతులకు 1.7 నుంచి 2.5. ఆరు, ఏడుకు 2 నుంచి 3. పదో తరగతికి కూడా 4.5 కిలోలు దాటకూడదు. బాలవాడి, ఎల్‌కేజీ పిల్లలకు అసలు బ్యాగే ఉండకూడదు. బడిలో తూకం యంత్రం పెట్టి అప్పుడప్పుడు చూడాలని కూడా అందులో ఉంది. అంతకు మూడేళ్ల ముందు, 2017లో, తెలంగాణ ప్రభుత్వం బ్యాగుల బరువు మీద జీవో ఇస్తూ, ప్రాథమిక తరగతుల పిల్లలు 6 నుంచి 12 కిలోలు, హైస్కూలు పిల్లలు 17 కిలోల దాకా మోస్తున్నారని చెప్పింది. పదిహేడు కిలోలంటే ఇంట్లో గ్యాసు సిలిండరులో ఉండే గ్యాసు కంటే ఎక్కువ బరువు.

ఇంత బరువు వీపున పడితే ఏమవుతుంది? బరువు వెనక్కి లాగుతుంది. పడిపోకుండా ఉండటానికి పిల్లవాడు తుంటి దగ్గర ముందుకు వంగుతాడు. అలా వంగితే చూపు నేల మీదికి పోతుంది కాబట్టి, దారి కనిపించడానికి మెడను ముందుకు చాచి తల పైకెత్తుతాడు. మెడ వెనక కండరాలు, భుజాల పై కండరాలు ఆ సేపంతా బిగుసుకునే ఉంటాయి. పట్టీలు వదులుగా ఉండి బ్యాగు పిరుదుల దాకా వేలాడితే ఆ లాగుడు ఇంకా ఎక్కువ. ఒకే భుజానికి తగిలించుకుంటే ఆ భుజం పైకి లేస్తుంది, నడుము రెండో పక్కకు ఒరుగుతుంది.

అమెరికాలోని శాన్ డియేగోలో పరిశోధకులు ఈ సంగతిని కళ్లారా చూశారు. పదకొండేళ్లు అటూ ఇటుగా ఉన్న ఎనిమిది మంది పిల్లలకు 4, 8, 12 కిలోల బ్యాగులు తగిలించి, నిలబెట్టే ఎమ్మారై తీశారు. బరువు పెరిగేకొద్దీ నడుము దగ్గరి వెన్నుపూసల మధ్య డిస్కులు అణిగాయి, నడుము పక్కకు వంగడం పెరిగింది. 2010లో ఈ పరిశోధన అచ్చయింది. స్పెయిన్‌లోని గలీషియాలో 1,403 మంది పిల్లల బ్యాగులు తూచి 2012లో ఫలితాలు ప్రకటించారు. అక్కడ సగానికి పైగా పిల్లలు పదో వంతు దాటి మోస్తున్నారు. ప్రతి నలుగురిలో ఒకరికి అంతకుముందు ఏడాదిలో పదిహేను రోజులకు మించి వెన్నునొప్పి వచ్చింది.

ఇక్కడితో ఆపేస్తే కథ బాగుంటుంది గానీ నిజం సగమే అవుతుంది. 2018లో ఆస్ట్రేలియా, బ్రెజిల్ పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన 69 అధ్యయనాలు, 72 వేల మందికి పైగా పిల్లల వివరాలు ముందేసుకుని చూశారు. బ్యాగు వల్లే పిల్లలకు వెన్నునొప్పి వస్తుందని గట్టిగా చెప్పగల ఆధారం వాళ్లకు దొరకలేదు. డాక్టరుగారు ఈ సంగతి దాచరు. బ్యాగు పిల్లవాడిని అలసిపోయేలా చేస్తుంది, నిలబడే తీరు మారుస్తుంది, నొప్పి ఉంటే పెంచుతుంది. వెన్నెముకను శాశ్వతంగా వంకర చేస్తుందని మాత్రం రుజువు కాలేదు. నేరమంతా బ్యాగు మీద తోసేస్తే కలిగే నష్టమేమిటో ఆయన మరో ఇద్దరు పిల్లల్లో చూశారు.

ఒకరు పన్నెండేళ్ల అమ్మాయి. వెన్ను వంకరను మొదట కనిపెట్టింది వాళ్ల నాయనమ్మ. పండక్కి పరికిణీ కుట్టించి తొడిగితే అంచు ఒక పక్క నేలను తాకుతోంది, రెండో పక్క చీలమండ పైకి పోతోంది. దర్జీ తప్పనుకుని సరిచేయించింది. అయినా మళ్లీ అంతే. "గుడ్డ సరిగ్గానే ఉంది నాయనా, పిల్లే ఒరిగింది" అని ఆమె డాక్టరుగారికి చెప్పింది. ఇంట్లో వాళ్లంతా బ్యాగును తిట్టి, చక్రాల బ్యాగు కొని, ఆరు నెలలు ఊరుకున్నారు. డాక్టరుగారు అమ్మాయిని రెండు చేతులూ జోడించి ముందుకు వంగమన్నారు. కుడివైపు పక్కటెముకలు ఎడమవైపు కంటే ఎత్తుగా లేచాయి. అది స్కోలియోసిస్. ఎదిగే వయసులో నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లల్లో కనిపిస్తుంది, కారణం చాలామందిలో తెలియదు. బ్యాగు వల్ల మాత్రం రాదు. ఎక్స్‌రేలో వంపు 28 డిగ్రీలు తేలింది. ఎదుగుదల ఇంకా ఉన్న పిల్లలకు 25 నుంచి 40 డిగ్రీల మధ్య ఉంటే బెల్టు లాంటి బ్రేసు వేసి వంపు పెరగకుండా ఆపుతారు. ఆ ఆరు నెలలు ఆ అమ్మాయికి విలువైన కాలం.

రెండోవాడికి ఎనిమిదేళ్లు. వీడిదీ బ్యాగు నొప్పే అన్నారు. తూచి చూస్తే 2 కిలోలు కూడా లేదు. డాక్టరుగారికి అక్కడే అనుమానం వచ్చింది. పెన్ను కింద పడేసి తీసివ్వమన్నారు. మామూలుగా పిల్లలు నడుం వంచి టక్కున తీసేస్తారు. వీడు వీపు కర్రలా నిటారుగా ఉంచి, ఒక చెయ్యి తొడ మీద ఆనించి, మెల్లగా గొంతుక్కూర్చుని తీశాడు. రాత్రిళ్లు నిద్రలో ఏడుస్తున్నాడనీ, సాయంత్రం ఒళ్లు వెచ్చబడుతోందనీ, అన్నం తినడం లేదనీ అడిగితే గానీ తల్లి చెప్పలేదు. గుంటూరు పంపి ఎమ్మారై తీయిస్తే వెన్నుపూసల్లో క్షయ. ఊపిరితిత్తుల్లోనే కాదు, ఎముకల్లోనూ టీబీ వస్తుంది. వదిలేస్తే పూస ముందు భాగం కరిగి గూని పడుతుంది, కాళ్లు కూడా చచ్చుబడవచ్చు. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మందులు ఏడాదికి పైగా వాడి ఆ పిల్లవాడు కోలుకున్నాడు. బ్యాగు మార్చి ఊరుకుని ఉంటే ఏమయ్యేదో ఆ తల్లిదండ్రులకు డాక్టరుగారు వివరంగా చెప్పలేదు.

బ్యాగుతో వచ్చే ప్రమాదాల్లో పెద్దలు ఊహించనివి కూడా కొన్ని ఉన్నాయి. అమెరికా ఆసుపత్రుల ఎమర్జెన్సీలకు బ్యాగు దెబ్బలతో వచ్చిన 247 మంది పిల్లల వివరాలు 2003లో అచ్చయ్యాయి. వాళ్లలో బ్యాగు మోస్తూ దెబ్బ తిన్నవాళ్ల కంటే, కింద పడేసిన బ్యాగు కాలికి తగిలి పడి దెబ్బలు తగిలించుకున్నవాళ్లే ఎక్కువ. వెన్నుకు తగిలినవి పదింటిలో ఒకటి. వేటపాలెం నుంచి చీరాల వెళ్లే బడి ఆటోల్లో బ్యాగులు బయట కొక్కేలకు వేలాడుతుంటాయి. పిల్లలు దిగుతూ వాటి పట్టీల్లో కాళ్లు ఇరికించుకుని పడి, గడ్డాలు పగిలి కుట్లు వేయించుకోవడానికి వచ్చిన సందర్భాలు డాక్టరుగారి దగ్గర ఉన్నాయి.

అసలు ఇన్ని పుస్తకాలు వీపు మీదికి ఎలా వచ్చాయి? ఈ ప్రశ్న పాతది. 1989లో రచయిత ఆర్.కె. నారాయణ్ రాజ్యసభలో తన తొలి ప్రసంగమే బడి సంచుల బరువు మీద చేశారు. ఆ తర్వాత 1992లో కేంద్రం ప్రొఫెసర్ యశ్‌పాల్ అధ్యక్షతన కమిటీ వేసింది. 1993లో వచ్చిన ఆ నివేదిక, సంచి బరువు కంటే అర్థం కాని చదువే పిల్లలకు పెద్ద బరువని తేల్చింది. 2006లో బ్యాగు బరువుకు హద్దు పెడుతూ ఒక బిల్లు రాజ్యసభ ముందుకొచ్చింది గానీ చట్టం కాలేదు. మన ఆంధ్రప్రదేశ్‌లో తెలుగు, ఇంగ్లీషు ఎదురెదురు పేజీల్లో అచ్చువేసిన పాఠ్యపుస్తకాలు వచ్చాక పుస్తకం లావెక్కింది. సెమిస్టర్ల వారీగా విడగొట్టడంతో కొంత తేలికైంది. ప్రభుత్వ బడుల్లో 2025-26 నుంచి ప్రతి శనివారం నో బ్యాగ్ డే అని ప్రకటించారు. కానీ డాక్టరుగారి తూకంలో ముల్లు ఎక్కువగా ఊగేది ప్రైవేటు బళ్ల బ్యాగులకే. అక్కడ పాఠ్యపుస్తకానికి తోడు వర్కుబుక్కు, దానికి తోడు టెస్టు పేపర్ల కట్ట. సాయంత్రం అదే బ్యాగు ట్యూషనుకు కూడా వెళ్తుంది.

పుస్తకాలు బళ్లోనే పెడితే పోతాయని, చినిగిపోతాయని యాజమాన్యాలు అంటాయి. వేటపాలెంలో ఆ మాట నిలబడదు. 1918లో మొదలై, 1929లో గాంధీజీ చేతుల మీదుగా భవనానికి శంకుస్థాపన చేయించుకున్న సారస్వత నికేతనం గ్రంథాలయం ఇదే ఊళ్లో ఉంది. పాత పత్రికలను, పుస్తకాలను తరాలుగా అలమారల్లో పదిలపరచిన ఊరికి, ఓ తరగతి పిల్లల నోటుబుక్కులు ఒక అలమారలో దాచడం చేతకాదా అని డాక్టరుగారు అడుగుతారు.

ఇంట్లో చేయగలిగినవి పెద్ద కష్టమేమీ కాదు. రెండు పట్టీలూ వెడల్పుగా, మెత్తగా ఉన్న బ్యాగు కొనాలి. పట్టీలు బిగించి బ్యాగు వీపుకు ఆనుకునేలా, నడుము దాటి వేలాడకుండా చూడాలి. బరువైన పుస్తకాలు వీపు వైపు, తేలికవి బయటివైపు పెట్టాలి. నేల మీంచి ఎత్తేటప్పుడు నడుము కాకుండా మోకాళ్లు వంచాలి. సైకిలు మీద వెళ్లేవాళ్లు బ్యాగును వెనక క్యారియరుకు కట్టుకోవడం మేలు. తొడిగాక చేతుల్లో తిమ్మిరి, భుజాల మీద ఎర్రటి గీతలు కనిపిస్తే బరువు మించిందని అర్థం. సాయంత్రం ఓ గంట ఆడుకోనిస్తే వీపు కండరాలకు దాన్ని మించిన బలం లేదు. రాత్రి నిద్రలేపే నొప్పి, జ్వరం, బరువు తగ్గడం, కాళ్లలో నీరసం, వీపున ఒకవైపు ఎత్తు కనిపిస్తే బ్యాగు సంగతి పక్కనపెట్టి ముందు డాక్టరుకు చూపించాలి.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ప్రభుత్వ బళ్లలో మెగా పేరెంట్-టీచర్ మీటింగులు జరిగాయి. ముఖ్యమంత్రి ఆ రోజు బాపట్లలోనే, అంటే మన జిల్లా కేంద్రంలోనే, ఓ హైస్కూలులో తల్లిదండ్రులతో కూర్చున్నారు. ఇలాంటి సమావేశాలు ప్రైవేటు బళ్లలోనూ జరుగుతుంటాయి. ఈసారి వెళ్లినప్పుడు మార్కుల లిస్టు ఒక్కటే చూసి రావద్దు. ఏ రోజు ఏ పుస్తకాలు తేవాలో రాసి ఇవ్వమని, తరగతి గదిలో ఒక అలమారా, బళ్లో తాగే నీళ్లు కావాలని అడగండి. ఒక్కరు అడిగితే ఫిర్యాదంటారు. నలుగురు కలిసి అడగండి.