ఖాళీ ట్రక్కులో బిగ్ బెండ్‌కు

ఫోర్ట్ వర్త్ దాటేలోపే అమ్మ రెండుసార్లు "అల్లుడు గారూ, కాస్త మెల్లగా" అంది. బావ అప్పటికేమీ దూకుడు మీద లేడు. ఐ-20 మీద వంతెన వచ్చినప్పుడల్లా అతుకు దగ్గర బండి వెనక భాగం ఎగిరి కూలబడుతోంది, అంతే. వెనక సీట్లో అమ్మా, నేనూ జల్లెడలో శనగల్లా ఉన్నాం.

మా బావది ముప్పావు టన్ను డీజిల్ పికప్. ముప్పావు టన్ను అన్నది పాతకాలపు లెక్క, ఇప్పటివి టన్ను దాకా అవలీలగా మోస్తాయి. మామూలుగా దాని వెనక క్యాంపర్ ట్రైలర్ ఉంటుంది. బిగ్ బెండ్ పక్కనున్న టెర్లింగ్వాలో గదులు దొరికాయి కాబట్టి ఈసారి ట్రైలర్ ఇంటి దగ్గరే ఉండిపోయింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

"ఖాళీ బండి ఎగురుద్ది, లోడు బండి ఊగుద్ది," అన్నాడు బావ. విజయవాడ ఆటోనగర్‌లో వాళ్ల నాన్నగారి కమాన్ల షెడ్డులో పెరిగినవాడు. కమాన్ కట్టలో పట్టీలు బరువు పడితేనే వంగేలా చేస్తారు. బరువు లేకపోతే గుంతలో పడ్డ దెబ్బ పట్టీల దగ్గర ఆగదు, ఛాసిస్‌లోంచి నేరుగా నడుముకెక్కుతుంది. 2014లో రామ్ కంపెనీ వాళ్లు 2500 మోడల్‌కి వెనక పట్టీలు తీసేసి కాయిల్ స్ప్రింగులు పెట్టారు. బావకి అది నచ్చలేదు. నన్నడిగితే, అమ్మని కూర్చోబెట్టే బండికి అదే నయం.

వెదర్‌ఫోర్డ్ దాటాక ఒక ట్రక్ స్టాప్‌లో లారీల కాటా మీదకి ఎక్కించాడు. బయటకొచ్చిన చీటీ ప్రకారం ముందు ఇరుసు మీద 4,700 పౌండ్లు, వెనక 3,400. మేం నలుగురం, సామాన్లు, నిండు ట్యాంకు అన్నీ కలిపే అది. తలుపు పక్కన స్టిక్కర్ మీద మాత్రం గాలి ముందు 60, వెనక 80 అని ఉంది. ఆ 80 నిండు లోడుకి చెప్పిన లెక్క. ఈ బండికుండేవి 'ఈ' రేటింగు టైర్లు, పక్క గోడలు మందం. వాటిలో 80 పోసి పైన బరువు పెట్టకపోతే టైరు రాయితో సమానం. టైరు కంపెనీ పట్టికలో, ఇంత బరువుకి ఇంత గాలి అని ఉంటుంది. బావ ఫోన్లో అది చూసి, కింద కూర్చుని వాల్వు నొక్కిపెట్టాడు. వెనక రెండింటికీ 55కి దించాడు. పట్టిక ఇంకా కిందకి పోవచ్చంది, ఆయన పోనివ్వలేదు. డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగింది, వెలగనీ అన్నాడు.

పైసా ఖర్చు లేని ఆ పనితోనే సగం కుదుపు పోయింది. అబిలీన్ చేరేసరికి అమ్మ నిద్రపోతోంది. స్వీట్‌వాటర్ దగ్గర గాలిమరల బారులు చూపిద్దామని లేపితే విసుక్కుంది.

మిగిలిన సగం ఒడెస్సాలో తేలింది. చమురు బావుల ఊరు కదా, మోటెల్ ముందు అన్నీ ఇలాంటి ట్రక్కులే. కాకపోతే ఒక్కటీ ఖాళీగా లేదు. ప్రతి తొట్టిలో ఇనప పెట్టెలు, డీజిల్ ట్యాంకు, గొలుసులు. వాళ్లకి ఈ బాధ ఎందుకుంటుంది? మర్నాడు పొద్దున్నే దగ్గర్లోని షెడ్డుకి వెళ్లాం. మెకానిక్ వెనక షాకబ్జర్ ఒకటి విప్పి మా ముందు పెట్టి, కడ్డీని అరచేత్తో లోపలికి నెట్టాడు. అది సగం దూరం ఏ అడ్డూ లేకుండా జారిపోయి అక్కడే ఉండిపోయింది. సీలు చుట్టూ నల్లటి జిడ్డు. కొత్తది గ్యాసు నింపినది. నెట్టడానికి ఆయన ఒళ్లంతా వాల్చాల్సి వచ్చింది, వదలగానే అదే నిదానంగా పైకొచ్చింది. స్ప్రింగు దెబ్బ తీసుకుంటుంది, ఎగిరిన బండిని ఆపేది మాత్రం ఇదే. ఎయిర్ బ్యాగులు కూడా వేయించమంటారా అనడిగాడు. అవి బరువుకి తోక కుంగకుండా నిలబెట్టేవి, ఖాళీ బండికి వాటివల్ల సుఖమేమీ రాదు. బావ నాలుగు షాకబ్జర్లకే డబ్బు కట్టాడు.

క్రేన్, మకేమీ, ఫోర్ట్ స్టాక్టన్, మారథాన్ మీదుగా 385 రోడ్డు నేరుగా బిగ్ బెండ్ పార్కులోకి దిగుతుంది. ఎడారిలో తాగడానికని కొన్న నీళ్ల క్యాన్లు అక్క ఎటో సర్దబోతే, బావ వాటన్నిటినీ తొట్టిలో ఇరుసుకి తిన్నగా పేర్పించి తాడు బిగించాడు. ఏదో రకంగా బరువు కావాలాయనకి.

అసలు పరీక్ష ఓల్డ్ మావెరిక్ రోడ్డు. పద్నాలుగు మైళ్ల మట్టి దారి, దాని మీద చక్రాలే తొక్కి తొక్కి వేసిన అడ్డచాళ్లు. మొదట్లోనే ఆగి నాలుగు టైర్లూ 40కి దించి, పదిహేను మైళ్ల వేగం మించకుండా పోయాం. గ్లవ్ బాక్సు గిలగిల్లాడింది గానీ మనుషులకి ఫర్వాలేదు. దారి చివర సాంటా ఎలీనా లోయ. రియో గ్రాండే రెండు వైపులా పదిహేను వందల అడుగుల రాతి గోడలు, అవతలి గోడ మెక్సికోది. అమ్మ చెప్పులు విడిచి నీళ్లలోకి దిగి, దేశం దాటొచ్చా అని అడిగింది.

తారు రోడ్డెక్కాక బావ బ్యాటరీకి కంప్రెసర్ తగిలించి మళ్లీ గాలి కొట్టసాగాడు. అరగంట పట్టే పని. అమ్మ పక్కన నిలబడి షాకబ్జర్ల ఖరీదు కనుక్కుని, వాటి డబ్బుకి ఇంకాస్త వేసి మంచి కారే కొనుక్కోవచ్చు కదా అంది.

"కారు ట్రైలర్ లాగదండీ అత్తయ్య గారూ."

"ట్రైలర్ ఇంటి దగ్గరే ఉందిగా!"

బావ గేజీ చూస్తున్నట్టు తల వంచుకున్నాడు. అక్క మాత్రం పైకే నవ్వేసింది.