కౌంటు సరే, బిళ్ళ సంగతి చెప్పారా?

వానలు పడి జ్వరాలు మొదలయ్యాయంటే మా పెదకాకానిలో ఎక్కడ నలుగురు చేరినా ఒకటే ప్రశ్న: "ప్లేట్‌లెట్లు ఎంతున్నాయంట?" మల్లేశ్వరస్వామి గుడి దగ్గరా అదే, గుంటూరు ఆటోలోనూ అదే. లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉండాలని బడికి వెళ్ళని ముసలమ్మ కూడా చెప్పేస్తుంది. డెంగీ నేర్పిన చదువిది. కానీ ఆ అంకె ఒక్కటే చూసుకుని నిశ్చింతగా ఉండకూడని వాళ్ళు మన ఇళ్ళల్లో ఇప్పుడు చాలామంది ఉన్నారు. గుండెకి స్టెంటు వేయించుకుని రోజూ ఎకోస్ప్రిన్ (అంటే ఆస్పిరిన్), క్లోపిడోగ్రెల్ మింగుతున్న వాళ్ళు. ఈపూట కబుర్లు వాళ్ళ గురించే.

ఒంట్లో ఎక్కడైనా రక్తనాళం తెగితే ప్లేట్‌లెట్లు వచ్చి అతుక్కుని ఆ చోటు పూడుస్తాయి. సాగర్ కాలవకి గండి పడితే ఊరంతా ఇసుక బస్తాలతో ఉరికినట్టన్నమాట. స్టెంటు దగ్గర కూడా అలాగే గుమిగూడితే నాళం మూసుకుపోతుంది కదా, అందుకని ఈ బిళ్ళలు వాటి చేతులు కట్టేస్తాయి. ఆస్పిరిన్ గానీ క్లోపిడోగ్రెల్ గానీ ఒకసారి తగిలిందంటే ఆ ప్లేట్‌లెట్ బతికున్నన్నాళ్ళూ, అంటే ఓ వారం పది రోజులు, సరిగా అతుక్కోలేదు. పళ్ళు తోముకుంటుంటే కాస్త రక్తం రావడం, ఎక్కడో తగిలి చర్మం కమిలిపోవడం అందుకే. సీబీపీ రిపోర్టులో రెండున్నర లక్షలని ఉంటుంది. అంకె నిజమే, కానీ అంతమందిలో పనిచేసేవాళ్ళెందరో ఆ కాగితం చెప్పదు.

ఇది మందు చెయ్యాల్సిన పని. చెయ్యకూడని పని ఇంకోటుంది, అది అరుదుగా జరుగుతుంది. ఈ కథ మన తెలుగు నేలకీ దగ్గరిదే. 1998లో హైదరాబాదులో డాక్టర్ సోమరాజు, అబ్దుల్ కలాం కలిసి తక్కువ ఖర్చులో దొరికేలా కలాం-రాజు స్టెంటు తయారుచేశారు. ఆ రోజుల్లో స్టెంటు వేస్తే ఆస్పిరిన్‌తో పాటు టిక్లోపిడిన్ అనే మాత్ర ఇచ్చేవారు. గుండెకి మంచిదే, కానీ వాడినవాళ్ళలో దాదాపు నూటికొకరికి తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోయేవి. మొదటి మూడు నెలలూ రెండు వారాలకోసారి రక్తపరీక్ష తప్పనిసరి. అదే 1998లో అమెరికాలో చార్లెస్ బెన్నెట్ బృందం ఈ మాత్ర వాడాక టీటీపీ అనే జబ్బు వచ్చిన 60 మంది వివరాలు ప్రచురించింది. టీటీపీలో చిన్న చిన్న నాళాల్లో ప్లేట్‌లెట్లు ముద్దలు కట్టి ఖర్చయిపోతాయి, ఎర్రకణాలు చితికిపోతాయి. తర్వాత క్లోపిడోగ్రెల్ వచ్చి టిక్లోపిడిన్‌ని పక్కకి తోసింది. దాంతోనూ టీటీపీ వచ్చిన 11 మంది గురించి 2000లో అదే బృందం రాసింది. వారిలో పదిమందికి మందు మొదలెట్టిన రెండు వారాల లోపే వచ్చింది. లక్షలమంది వాడే మందుకి ఇది చాలా చిన్న సంఖ్య. అందుకే భయపడమనను, మొదటి వారాల్లో గమనించమంటాను: కాళ్ళ మీద సూదిపోట్ల లాంటి ఎర్రచుక్కలు, కళ్ళు పచ్చబడటం, మూత్రం రంగు మారడం, మాట తడబడటం. వీటిలో ఏది కనపడినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

నాకు అంతకన్నా దిగులు కలిగించేది, చప్పుడు లేకుండా జరిగే నష్టం. ఆస్పిరిన్ వల్ల కడుపులో కొంచెం కొంచెంగా రక్తం కారి ఎర్రకణాలు తగ్గిపోతాయి. డెబ్బై దాటిన ఆరోగ్యవంతులే ఎక్కువగా ఉన్న ఆస్ప్రీ పరిశోధనలో, చిన్న మోతాదు ఆస్పిరిన్ రోజూ వాడినవాళ్ళకి రక్తహీనత 20 శాతం ఎక్కువగా వచ్చినట్టు 2023లో తేలింది. మన దగ్గర పెద్దాయన నాలుగడుగులకే ఆయాసపడితే "వయసు కదండీ" అని వదిలేస్తాం. వదలకండి. మలం నల్లగా తారులా వస్తోందేమో అడగండి, హిమోగ్లోబిన్ చూపించండి. గుండెజబ్బే లేనివాళ్ళు ఎవరో చెప్పారని ముందుజాగ్రత్తకి ఆస్పిరిన్ మొదలెట్టడం మటుకు శుద్ధ తప్పు.

ఇక డెంగీ సంగతి. స్టెంటున్న మనిషికి డెంగీ వస్తే దెబ్బ రెండు వైపులా. గండి దగ్గరికి వచ్చేవాళ్ళే తక్కువ, వచ్చినవాళ్ళకి చేతులు కట్టేసి ఉంటాయి. పైగా మిరప కోతల్లో, పత్తి తీతల్లో ఒళ్ళునొప్పులకి డైక్లోఫెనాక్ సూది వేయించుకోవడం మనకి అలవాటు. ఈ బిళ్ళలు వాడేవాళ్ళకి ఆ సూది మామూలు రోజుల్లోనే కడుపులో రక్తస్రావం తెప్పించగలదు, డెంగీలో అయితే అసలే వద్దు. జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే, అదీ డాక్టరు చెప్పిన మోతాదులోనే. అలాగని కౌంటు తగ్గిందని విని గుండె బిళ్ళలు మీ అంతట మీరే ఆపెయ్యకండి. స్టెంటు వేసిన మొదటి నెలల్లో ఆపితే అది ఉన్నట్టుండి మూసుకుపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆపాలా, రెండింట్లో ఒకటి తగ్గించాలా అన్నది రక్తపరీక్ష చూసి గుండె డాక్టరు తేల్చాలి. మన ఊరి శంకర కంటి ఆసుపత్రికి శుక్లాల ఆపరేషన్‌కి వచ్చే పెద్దవాళ్ళకీ ఇదే మాట. ఆ ఆపరేషన్ చాలావరకు ఈ బిళ్ళలు ఆపకుండానే చేస్తారు. అడక్కుండా వారం ముందే మానేసి రావద్దు.

ఈసారి జ్వరమని ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా, ఆర్ఎంపీ దగ్గరికే వెళ్ళినా, రోజూ వేసుకునే బిళ్ళల అట్టలు జేబులో పెట్టుకెళ్ళండి. సూది వెయ్యకముందే వాటిని బల్ల మీద పెట్టి, స్టెంటు ఎప్పుడు వేశారో చెప్పండి.