ఎడారిలో గట్టి మంచు, సన్నని పలకలు

నంద్యాల నుంచి మహానందికి వెళ్లే దారిలో నల్లరేగడి చేలు దాటగానే అరటి తోటలు మొదలవుతాయి. నల్లమల పాదాన ఉబికే ఊటనీరు ఏడాది పొడవునా ఆ తోటలను తడుపుతుంది. ఎండకు పేరుపడిన సీమలో అంత చల్లని చోటు ఉండడమే విశేషం. ఆ నేలపై బండి తోలిన ప్రతివారికీ ఒక సంగతి తెలుసు. ఇనుప పట్టా వేసిన సన్నని చక్రం గట్టి బాటపై తేలికగా దొర్లుతుంది. వాన పడిన రేగడిలోకి దిగిందా, ఇరుసు దాకా కూరుకుపోతుంది. మేము ఆ ప్రాంతం వాళ్లమే. ఈ చక్రం సంగతి గత వేసవిలో దుబాయిలో, అదీ మంచు మీద, మాకు మళ్లీ గుర్తుకు వచ్చింది.

మా తమ్ముడు పద్దెనిమిదేళ్లుగా అక్కడ లారీ డ్రైవరు. అతని కుమారుడు మంచుపై జారే ఆటలో పడ్డాడు. చలికాలంలో కశ్మీరు వెళ్లి గుల్మార్గ్‌లోని ప్రభుత్వ శిక్షణ సంస్థలో చేరాలని అతని పట్టుదల. అందుకు ముందుగానే సొంత స్కీలు, అంటే కాళ్లకు బిగించుకొని జారే పొడవాటి పలకలు, కొనిపెట్టమని తండ్రిని అడుగుతున్నాడు. వాటి ధర మా తమ్ముడి నెల జీతానికి దగ్గరగా ఉంది. మమ్మల్ని పిలిచినది చుట్టపుచూపునకే కాదు, ఈ తగవు తీర్చడానికి కూడా.

బయట నలభై డిగ్రీలు దాటిన ఎండ. మాల్ ఆఫ్ ది ఎమిరేట్స్ అనే పెద్ద బజారు లోపలే స్కీ దుబాయి ఉన్నది. 2005లో ప్రారంభమైన ఈ మంచుకొండ ఎత్తు 85 మీటర్లు. అన్నిటికన్న పొడవైన జారుడు బాట 400 మీటర్లు. అక్కడి మంచు ఆకాశం నుంచి రాలినది కాదు. సన్నని నీటి తుంపరలను చల్లటి గాలిలోకి చిమ్మి గడ్డకట్టిస్తారు. అలా తయారైన రేణువులు సహజమైన మంచు పూరేకుల వలె బోలుగా ఉండక గుండ్రంగా, దగ్గరదగ్గరగా సర్దుకుంటాయి. జనం వెళ్లిపోయాక ఒక యంత్రం ఆ మంచును చదును చేసి అదుముతుంది. అది వెళ్లిన చోట గొర్రు తోలిన చేనిలాగా సన్నని చాళ్లు పడతాయి. మేము చలికోట్లు తొడుక్కొని లోపల అడుగుపెట్టినప్పుడు ఆ మంచు కాలికింద సిమెంటు గచ్చులాగా పలికింది.

అద్దెకు ఇచ్చిన స్కీలను చూసి పిల్లవాడు పెదవి విరిచాడు. “ఇవి సన్నవి, బడే అబ్బా. వీడియోలలో కొండలు దూకేవాళ్లవి ఇంత వెడల్పు ఉంటాయి” అని చేతులతో చూపాడు. అక్కడి శిక్షకుడు నవ్వి, ఒక స్కీని మా చేతికిచ్చి పక్కకు వంచి పట్టుకొమ్మన్నాడు.

అప్పుడు గమనించాము. ముందుకొన, వెనుకకొన వెడల్పుగా, నడుము సన్నగా ఉన్నది. గట్టి బాటకు చేసిన వాటి నడుము 65 నుంచి 75 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. లోతైన మెత్తని మంచుకు చేసినవి 100 మిల్లీమీటర్లు దాటుతాయి. అంచుల వెంబడి ఉక్కు పట్టీ. స్కీని ఒక పక్కకు ఒరిగించి బరువు మోపితే నడుము కిందికి వంగి, ఆ ఉక్కు అంచంతా విల్లులాగా మంచును పట్టుకుంటుంది. మనిషి ఆ వంపు వెంబడే తిరుగుతాడు, పాదాలను బలవంతంగా తిప్పనక్కరలేదు. 1990ల దాకా పెద్దల స్కీలు రెండు మీటర్ల పొడవున, దాదాపు తిన్నగా ఉండేవి. 1993లో స్లొవేనియాకు చెందిన ఎలాన్ సంస్థ లోతైన నడుము గల నమూనా తెచ్చాక ఆట తీరే మారింది.

ఇక వెడల్పు మాట. గట్టి మంచు లొంగదు. స్కీ సన్ననిదైతే ఉక్కు అంచు దాదాపు పాదం కిందనే ఉంటుంది. ఒక అంచు నుంచి మరొక అంచుకు మారడం క్షణంలో పని. వెడల్పైతే అంచు పాదానికి దూరమవుతుంది. దాన్ని ఒరిగించి నిలబెట్టే భారమంతా చీలమండపై, మోకాలిపై పడుతుంది. మెత్తని మంచులో లెక్క తిరగబడుతుంది: సన్ననిది దిగబడుతుంది, వెడల్పైనది తేలుతుంది. రేగడిలో బండిచక్రమే!

సన్నని స్కీ అందరికీ ఒకేలా లొంగుతుందని కాదు. శిక్షకుడు జారి వెళ్లిన చోట గీసినట్లు రెండు సన్నని గీతలు మిగిలాయి. మా పిల్లవాడి వెనుక మాత్రం గోకినట్లు వెడల్పైన చార. భయపడి వెనక్కి వాలినకొద్దీ అంచు పట్టు వదులుతుంది, స్కీ పక్కకు జారుతుంది. మొద్దుబారిన అంచైతే ఎంత నేర్పరికైనా గట్టి మంచు పట్టు ఇవ్వదు. సాయంత్రానికి అతని చారలలో రెండు మూడు మాత్రం గీతలయ్యాయి. మా అందరిలోకీ ఎక్కువగా సంతోషించినవాడు మా తమ్ముడే.

ఇంటికి వచ్చాక మాట ఆరిఫ్ ఖాన్ మీదికి మళ్లింది. కశ్మీరుకు చెందిన ఈ యువకుడు 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో భారతదేశం నుంచి పాల్గొన్న ఏకైక క్రీడాకారుడు. జెయింట్ స్లాలమ్ పోటీలో 45వ స్థానం పొందాడు. అక్కడి బాటలూ దాదాపు పూర్తిగా యంత్రాలు చేసిన గట్టి మంచువే. పందెపు స్కీలు సన్ననివే అని తెలిశాక పిల్లవాడి మొహం తేటపడింది. అయితే గుల్మార్గ్ పై వాలులు అలాంటివి కావు. కేబుల్ కారు ఎక్కించే ఆ ఎత్తులలో మోకాటి లోతు మెత్తని మంచు పడుతుంది. నేర్చుకొనేవారి కింది బాటలకు ఒక రకం, పైవాటికి మరొక రకం కావాలి. రెండూ అక్కడ అద్దెకు దొరుకుతాయి.

“మరి నేను ఏది కొనాలి, భాయ్?” అన్నాడు మా తమ్ముడు.

స్కీలు ఏవీ వద్దన్నాము. కొనదలిస్తే బూట్లు కొనమన్నాము. మడమ లేవకుండా, వేళ్లు నలగకుండా పాదానికి సరిపోయిన బూటు లేకపోతే కాలి ఒరుగు అంచు దాకా చేరదు. అద్దె బూట్లలో అటువంటి జత దొరకడమూ కష్టమే. పిల్లవాడు కొంతసేపు మూతి ముడుచుకున్నాడు. ఇషా నమాజు అయ్యాక తండ్రీ కొడుకులు కాగితంపై పాదం పెట్టి, పెన్సిలుతో చుట్టూ గీత గీసి, కొలత రాసుకుంటున్నారు.