కార్డుకు నామకరణం

చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణం సంజ్ఞా పరిచ్ఛేదంతో మొదలవుతుంది. పేర్లు ముందు స్థిరపడితేనే కదా పై సూత్రాలకు అన్వయం! ఉద్యోగమున్నన్నాళ్ళూ పిల్లలకు చెప్పిన ఈ మాటను, విశ్రాంతి దొరికిన తరువాత లినక్సు నాకు మళ్ళీ గుర్తుచేసింది.

టేక్మాలులో మా యింటి పాత కంప్యూటరుకు రెండు నెట్‌వర్కు కార్డులున్నాయి. ఒకటి బయటి జాలానికి, రెండవది పక్కగదిలో పిల్లలు తెలుగు టైపు నేర్చుకొనే మూడు యంత్రాలకు. నడుమ కాపలా కాసే ఫైర్‌వాలు నియమాలన్నీ కార్డుల పేర్ల మీదనే ఆధారపడి ఉంటాయి. పేర్లు తారుమారైతే కాపలావాడు వీధి గుమ్మం విడిచి పెరటి గుమ్మంలో నిలుచుంటాడు. పిల్లలు కూర్చునే చోట ఇది ఉపేక్షించదగినది కాదు.

పూర్వం కెర్నెలు ముందుగా గుర్తించిన కార్డుకు ‘ఈటీహెచ్0’, తరువాతిదానికి ‘ఈటీహెచ్1’ అని పేరు పెట్టేది. 2013లో సిస్టమ్‌డీ 197వ కూర్పు, కార్డు ఉన్న స్థానాన్ని బట్టి పేరు పెట్టే పద్ధతి తెచ్చింది. ‘ఈఎన్‌పీ3ఎస్0’ అంటే ఈథర్నెట్టు, 3వ పీసీఐ బస్సు, 0వ స్లాటు. శుద్ధ యౌగికం! ఊళ్ళనుబట్టి వచ్చిన మన ఇంటిపేర్ల వంటిదే. కాని మనం ఊరు విడిచినా ఇంటిపేరు విడువము. ఇక్కడ అట్లా కాదు. నిరుడు మరొక కార్డు చేర్చగానే బస్సుల లెక్క జరిగి, ఉన్నచోటనే ఉన్న పాత కార్డు 3 నుండి 4కు మారింది. పిల్లల గదికి జాలం ఆగింది.

అందుచేత రూఢి నామమే శరణ్యమనుకొన్నాను. కార్డుకు పుట్టుమచ్చ వంటిది మ్యాక్ చిరునామా. ‘ఐపీ లింక్’ అన్న ఆదేశం దానిని చూపుతుంది. ‘ఈటీసీ’లోని ‘సిస్టమ్‌డీ’లో ‘నెట్‌వర్క్’ అనే సంచయం ఉంటుంది. అక్కడ 10తో మొదలై ‘.లింక్’తో ముగిసే పేరుగల దస్త్రం సృష్టించి, ‘మ్యాచ్’ విభాగంలో మ్యాక్ చిరునామాను, ‘లింక్’ విభాగంలో మనం కోరిన పేరును వ్రాయాలి. డెబియన్ వాడేవారు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను కూడా నవీకరించి, యంత్రాన్ని తిరిగి ప్రారంభించాలి. ఫైర్‌వాలులో పాత పేర్లను మార్చడం మరువరాదు. ‘ఈటీహెచ్0’ వంటివి మాత్రం పెట్టకండి, కెర్నెలు తానిచ్చే పేర్లతో పోటీ పడతాయి.

తెలుగు లిపిలోనే పెడదామని ఆశ కలిగింది. కెర్నెలు పేరుకు 15 బైట్లు అనుమతిస్తుంది. యూనికోడులో మన వర్ణానికి, గుణింతపు గుర్తుకు తలా 3 బైట్లు. అంటే అయిదు గుర్తులు. ‘వీధి’, ‘బడి’ ఇముడుతాయి. ‘పాఠం’ కూడా నాలుగు గుర్తులే, కాని చెల్లదు! ‘ఠ’లోని చివరి బైటు విలువ 160. పాత ఐరోపా అక్షరపట్టికలో అది ఖాళీకి గుర్తు కనుక, కెర్నెలు మన ‘ఠ’లో ఖాళీని చూస్తుంది. పంతులుకు పాఠమే నిషిద్ధం కావడం విడ్డూరం.

‘వీధి’ని ఐపీ ఆదేశంతో పెట్టవచ్చు గాని, యంత్రం ఆపితే ఆ పేరు పోతుంది. శాశ్వతంగా నిలిపే సిస్టమ్‌డీ ఆస్కీ దాటిన అక్షరాన్నే ఒప్పుకోదు. కనుక ప్రస్తుతం రోమను లిపిలోనే ‘వీధి’, ‘బడి’ అని ఉంచాను. ఆ తరువాత ఇంకొక కార్డు చేర్చినా అవి చెదరలేదు. సి భాష తెలిసిన బ్లాగ్మిత్రులెవరైనా ‘ఠ’ తరఫున కెర్నెలువారికి అర్జీ పెడితే, వ్యాకరణ సాక్ష్యం చెప్పడానికి నేను సిద్ధం.